ఒక్క హిట్టు కూల్చిన కంపెనీ

1991 జనవరిలో అమెరికాలో ఒక వీడియో కంపెనీ చేతులు మారింది. పలికిన ధర 2 కోట్ల 73 లక్షల డాలర్లు. కొన్నది లైవ్ ఎంటర్‌టైన్‌మెంట్, అమ్ముడుపోయింది వెస్ట్రాన్. అంతకు మూడున్నరేళ్ల ముందు ఇదే వెస్ట్రాన్ డబ్బు పెట్టి తీయించిన ఒక సినిమా దేశదేశాలూ తిరిగి 21 కోట్ల డాలర్లకు పైగా వసూలు చేసింది. ఆ ఒక్క సినిమా వసూళ్లలో సుమారు ఎనిమిదో వంతుకే కంపెనీ అంతా పోయింది. క్యాసెట్ల జాబితా, హక్కుల పత్రాలు, ఆఖరికి ఆ సినిమాతో సహా. హిట్టు కొట్టి ఆ తర్వాత మునిగిన నిర్మాతలు మనకేమీ కొత్త కాదు, ఫిల్మ్‌నగర్‌లో ఎవర్నడిగినా నలుగురి పేర్లు చెప్తారు. వెస్ట్రాన్ కథలో విచిత్రం ఇంకోటుంది. సొంత సినిమా అంటూ ఒక్కటీ లేని రోజుల్లో అది దివ్యంగా బతికింది. చచ్చింది హిట్టు వచ్చాకే.

క్యాసెట్ల వ్యాపారానికి తలుపు తీసింది మాత్రం వెస్ట్రాన్ కాదు. మిషిగన్ రాష్ట్రంలోని ఫార్మింగ్టన్ హిల్స్‌లో ఆండ్రే బ్లే అనే ఆయనకి మ్యాగ్నెటిక్ వీడియో అని, టేపులు కాపీ చేసిపెట్టే చిన్న సంస్థ ఉండేది. మీ సినిమాలు క్యాసెట్లలో అమ్ముకోనివ్వండి అని ఆయన హాలీవుడ్ స్టూడియోలకి ఉత్తరాలు రాశాడు. పలికింది ట్వెంటియత్ సెంచురీ ఫాక్స్ ఒక్కటే. 1977లో 50 పాత సినిమాలకి బేరం కుదిరింది. 3 లక్షల డాలర్లు అడ్వాన్సు, అమ్మిన ప్రతి క్యాసెట్ మీదా ఏడున్నర డాలర్లు ఫాక్స్‌కి. 'ప్యాటన్', 'ద ఫ్రెంచ్ కనెక్షన్' లాంటి సినిమాలు, ఎప్పుడో ఆడేసి టీవీలో కూడా వచ్చేసినవి. వాటిని 50 డాలర్లు పోసి ఎవరు కొంటారనుకున్నారు అందరూ. కొన్నారు. ఆ ఏడాదే లాస్ ఏంజలెస్‌లో జార్జ్ ఆట్కిన్సన్ అనే ఆయన ఆ క్యాసెట్లు కొని, రోజుకి 10 డాలర్ల చొప్పున అద్దెకివ్వడం మొదలుపెట్టాడు.

స్టూడియోలు గుర్రుమన్నాయి గానీ చేయగలిగిందేమీ లేకపోయింది. క్యాసెట్‌ని ఒకసారి కొన్నాక, కాపీలు తీయనంతవరకూ కొన్నవాడు దాన్ని అద్దెకిచ్చుకోవచ్చు, మళ్లీ అమ్ముకోవచ్చు, బీరువాలో పెట్టి తాళమేసుకోవచ్చు అంటుంది అమెరికా చట్టం. వీధివీధికీ వీడియో షాపు లేచింది ఈ ఒక్క సందు దొరికినందుకే. ఇక మ్యాగ్నెటిక్ వీడియో సంగతా? వ్యాపారం బాగుందని తెలియగానే 1979లో ఫాక్స్ వచ్చి ఆ కంపెనీనే కొనేసింది. మరో మూడేళ్లకి ఆ పేరు కూడా పోయింది. వెస్ట్రాన్‌కి ఏం జరగబోతోందో అక్కడే రాసి ఉంది, చదివే ఓపిక ఉన్నవాళ్లకి.

ఆస్టిన్ ఫర్స్ట్ చదివాడో లేదో చెప్పలేం. టైమ్ సంస్థలో పెరిగినవాడు, హెచ్‌బీవోలో పెద్ద ఉద్యోగం చేసినవాడు. 1980 తర్వాత టైమ్ వాళ్లు తమ సినిమా విభాగం టైమ్-లైఫ్ ఫిల్మ్స్‌ని మూసేద్దామనుకున్నారు. ఆస్తులన్నీ ఎవరికి ఏది ఇవ్వాలో చూసి బేరాలు తెగ్గొట్టే పని ఫర్స్ట్‌కి అప్పగించారు. అన్నిటికీ గిరాకీ ఉంది గానీ ఇంట్లో చూసే వీడియో హక్కులు కావాలన్నవాడు లేడు. పాత సామాను అమ్మిపెట్టమని పంపిస్తే, ఎవరూ ముట్టుకోని మూటని తనే చంకన పెట్టుకుని బయటికొచ్చినట్టయింది. ఆ హక్కులు తనే తీసుకుని 1981లో కనెటికట్ రాష్ట్రంలోని స్టామ్‌ఫర్డ్‌లో దుకాణం తెరిచాడు. పేరు పెట్టింది ఆయన కూతురట. రోమన్ల గృహదేవత వెస్టాకి గ్రీకు భాషలో పనిముట్టు అనే అర్థమొచ్చే తోక తగిలించి వెస్ట్రాన్ అంది. మొదట్లో అమ్మిన వాటిలో పాల్ న్యూమన్ పోలీసు సినిమా 'ఫోర్ట్ అపాచీ, ద బ్రాంక్స్' ఒకటి.

పెద్ద స్టూడియోలన్నీ అప్పటికే సొంతంగా వీడియో విభాగాలు పెట్టుకుంటున్నాయి. వాటి సినిమాలు బయటివాడికి దొరకవు. దొరికేవి చిన్న నిర్మాతలవి, విదేశాలవి, థియేటర్లో నాలుగు రోజులాడి వెళ్లిపోయినవి, దయ్యాలవీ రాక్షసులవీ, డాక్యుమెంటరీలు, పిల్లల కార్టూన్లు. వెస్ట్రాన్ అవన్నీ కొంది. నేషనల్ జియోగ్రాఫిక్ చిత్రాలని ఇళ్లకి చేర్చింది అదే. పిల్లలకి చిల్డ్రన్స్ వీడియో లైబ్రరీ అని వేరే లేబులు, చవక యాక్షన్ సినిమాలకి లైట్నింగ్ వీడియో అని ఇంకోటి.

అది చెల్లిందంటే కారణం ఆ రోజుల లెక్క. షాపువాడికి ఒక్కో క్యాసెట్ 60, 70, 80 డాలర్లు పడేది. వాడు దాన్ని రెండు మూడు డాలర్లకి ఒక రాత్రికి అద్దెకిచ్చి, నెల తిరక్కుండా పెట్టుబడి లాగేసేవాడు. ఊళ్లో కొత్తగా షాపు పెట్టినవాడికి గోడంతా బల్లలు నిండాలి. పెద్ద సినిమాలు ఏడాదికి ఎన్నని వస్తాయి? మిగతా బల్లలు నింపేది వెస్ట్రాన్ లాంటి వాళ్ల సరుకే. శనివారం సాయంత్రం కావాల్సిన సినిమా అద్దెకి పోయిందంటే, జనం అట్టపెట్టె మీద బొమ్మ చూసి పక్కదాన్ని పట్టుకెళ్లేవాళ్లు. అందుకని పెట్టె మీది బొమ్మ సినిమాకన్నా బాగుండేలా చూసుకునేవాళ్లు. మన దగ్గరా అంతే జరిగింది కదా. 1982 ఏషియాడ్ తర్వాత వీసీఆర్లు దిగి, రంగుల టీవీతో కలిపి రాత్రికి అద్దె కట్టి, వీధిలో వాళ్లందరినీ పోగేసి తెల్లవార్లూ నాలుగేసి సినిమాలు చూసిన తరానికి, ఆ నాలుగింటిలో రెండు పేరు తెలియనివే ఎందుకుండేవో వేరే చెప్పక్కర్లేదు.

1983లో వెస్ట్రాన్ చేసిన ఒక పని మాత్రం అచ్చంగా తెలివైంది. మైకేల్ జాక్సన్ 'థ్రిల్లర్' పాటకి దర్శకుడు జాన్ లాండిస్‌తో 14 నిమిషాల సినిమా తీయించుకోవాలనుకున్నాడు. ఖర్చు 10 లక్షల డాలర్ల దరిదాపుల్లోకి పోయేలా ఉంది. ఒక్క పాటకి అంతా? రికార్డు కంపెనీ పెట్టనంది. అప్పుడు జాక్సన్ మనుషులు ఒక ఉపాయం పన్నారు. పాట ఎలా తీశారో చూపించే డాక్యుమెంటరీ ఒకటి తీసి, పాటని కూడా అందులో కలిపి గంట కార్యక్రమం చేసి, ముందే అమ్ముకున్నారు. టీవీ ప్రసారానికి ఎంటీవీ, షోటైమ్ డబ్బిచ్చాయి. క్యాసెట్ హక్కుకి వెస్ట్రాన్ 5 లక్షల డాలర్లిచ్చింది. పైగా క్యాసెట్‌కి 80 డాలర్లు కాదు, 29 డాలర్ల 95 సెంట్లే ధర పెట్టింది. అద్దెకి తెచ్చుకునే వస్తువుని కొని దాచుకునే వస్తువు చేసిందన్నమాట. పిల్లలు ఎగబడి కొన్నారు, లక్షల్లో పోయాయి. 1985లో దానికి గ్రామీ కూడా వచ్చింది. ఆ ఏడాదే వెస్ట్రాన్ పబ్లిక్ ఇష్యూకి వెళ్లింది, వాల్‌స్ట్రీట్ షేర్లు కొంది. నాలుగేళ్ల కిందట ఎవరికీ అక్కర్లేని హక్కులతో మొదలైన కంపెనీ!

అయితే ఒక సంగతి గుర్తు పెట్టుకోవాలి. వెస్ట్రాన్ పంట పండించింది గానీ పొలం దానిది కాదు. సినిమా ఇంకొకరిది, వెస్ట్రాన్‌ది కొన్నేళ్ల కౌలు. పంట బాగా పండుతోందని తెలిస్తే భూస్వామి కౌలు పెంచుతాడు, లేదా నేనే దున్నుకుంటానంటాడు. 1985, 86 నాటికి ఆ రెండూ జరుగుతున్నాయి. హక్కుల ధరలు ఆకాశానికంటాయి. సినిమా మొదలుపెట్టక ముందే వీడియో హక్కులకి అడ్వాన్సిచ్చి పట్టుకోవాల్సి వచ్చింది. అమెరికాలో స్టూడియోలకి బయట తీసిన సినిమాలు ఎన్నో ఆ రోజుల్లో ఇలా వీడియోవాళ్ల అడ్వాన్సుతోనే మొదలయ్యాయి. ఇవాళ మన నిర్మాతలు ఓటీటీ హక్కుల డబ్బు చూసుకుని బడ్జెట్ వేసుకోవడం, ఆ ఓటీటీవాళ్లు చేయి బిగించగానే తెల్లమొహం వేయడం, ఇదంతా ఆ పాత నాటకానికి కొత్త ప్రదర్శన.

అడ్వాన్సిచ్చినంత మాత్రాన సరుకు చేతికొస్తుందన్న నమ్మకమూ లేదు. ఆలివర్ స్టోన్ 'ప్లటూన్' వీడియో హక్కులు వెస్ట్రాన్ ముందే మాట్లాడుకుంది. చిన్న బడ్జెట్‌లో తీసిన వియత్నాం యుద్ధ సినిమా, ఎవరికీ పెద్ద ఆశల్లేవు. తీరా 1987 మార్చిలో దానికి ఉత్తమ చిత్రం ఆస్కార్ వచ్చింది. ఈలోగా నిర్మాణ సంస్థ హెమ్‌డేల్ ఒప్పందం చెల్లదంటూ హక్కుల్ని హెచ్‌బీవోకి ఇచ్చేసింది. కోర్టులో పడింది. క్యాసెట్ నెలల తరబడి ఆగిపోయి చివరికి 1988 జనవరిలో హెచ్‌బీవో పేరు మీదే బయటికొచ్చింది. ఫర్స్ట్ ఒకప్పుడు జీతం తీసుకున్న సంస్థే ఆయన నోటికాడ ముద్ద లాక్కుంది.

కౌలు చాలు, సొంత భూమి కొందాం అనుకున్నారు స్టామ్‌ఫర్డ్‌లో. 1986లో వెస్ట్రాన్ పిక్చర్స్ పుట్టింది. ఆలోచన తప్పని నేననను, అప్పుడు వేరే దారి కూడా లేదు. తప్పు ఆ తర్వాత జరిగింది.

ఎలనార్ బెర్గ్‌స్టీన్ అనే రచయిత్రి తన చిన్ననాటి జ్ఞాపకాల నుంచి ఒక కథ రాసుకుంది. 1963 వేసవి. న్యూయార్క్ దగ్గరి కొండల్లో ఒక విడిది హోటల్. అక్కడికి సెలవులకొచ్చిన డాక్టరుగారమ్మాయి, అక్కడ డాన్స్ నేర్పే పేదింటి కుర్రాడు. ఎంజీఎంలో కొన్నాళ్లు నడిచి, పైఅధికారులు మారగానే అటకెక్కిన కథ. ఆమె, నిర్మాత లిండా గాట్‌లీబ్ కలిసి ఎక్కని గుమ్మం లేదు. చివరికి సరేనన్నది వెస్ట్రాన్. బడ్జెట్ 50, 60 లక్షల డాలర్లు, హాలీవుడ్ లెక్కలో చిల్లర కిందే జమ. దర్శకుడు ఎమీల్ అర్డోలీనోకి డాక్యుమెంటరీకి ఆస్కార్ వచ్చింది గానీ కథా చిత్రం తీసిన అనుభవం లేదు.

ఎండాకాలపు కథని 1986 సెప్టెంబరు, అక్టోబరుల్లో తీశారు, వర్జీనియాలో కొంత, నార్త్ కరోలినాలోని లేక్ లూర్ దగ్గర కొంత. ఆకులు ఎర్రబడి రాలిపోతుంటే వాటికి పచ్చ రంగు పూశారు. చెరువులో దిగి హీరో హీరోయిన్‌ని తల మీదికి ఎత్తే సీను ఉంది. సినిమా చూసినవాళ్లెవరూ మర్చిపోరు దాన్ని. ఆ నీళ్లు ఎంత చల్లగా ఉన్నాయంటే ప్యాట్రిక్ స్వేజీ, జెన్నిఫర్ గ్రే పెదాలు నీలంగా మారాయి. అందుకే ఆ సీన్‌లో ఒక్క క్లోజప్ కూడా ఉండదు. తీశాక చూసినవాళ్లకి నచ్చలేదు. ఒక నిర్మాతకి చూపిస్తే నెగటివ్ తగలబెట్టి ఇన్సూరెన్స్ తీసుకోమన్నాడని చెప్పుకుంటారు. ఒక్క వారాంతం థియేటర్లో ఆడించి నేరుగా క్యాసెట్ చేసేద్దామన్న ఆలోచన కూడా నడిచిందట.

'డర్టీ డ్యాన్సింగ్' 1987 ఆగస్టు 21న విడుదలైంది. అమెరికాలోనే 6 కోట్ల డాలర్లు దాటింది. చూసినవాళ్లే మళ్లీ చూశారు. క్యాసెట్ 10 లక్షల కాపీలు దాటింది. పాటల ఆల్బమ్ కోట్లలో అమ్ముడైంది, కాకపోతే అది వేసింది ఆర్‌సీఏ. సినిమా చివర వచ్చే పాటకి ఆస్కార్ వచ్చింది. పెద్ద స్టూడియోలన్నీ కాదన్న కథతో క్యాసెట్ల కంపెనీ ఇంత చేసింది.

ఆ డబ్బుని దాచుకుని ఉంటే? వీడియో వ్యాపారం మందగించిన రోజులకి అదే తిండిగింజలయ్యేది. కానీ సినిమా వాళ్లకి హిట్టు వస్తే డబ్బొక్కటే రాదు, మాకు సినిమా తెలుసు అనే నమ్మకం కూడా వస్తుంది. డబ్బు ఖర్చయిపోతుంది, నమ్మకం మిగిలిపోతుంది. వెస్ట్రాన్ వరసబెట్టి సినిమాలు మొదలుపెట్టింది. స్వేజీతోనే ఎడారి యుద్ధం సినిమా 'స్టీల్ డాన్' వచ్చింది, పోయింది. 'డర్టీ డ్యాన్సింగ్'ని టీవీ సీరియల్ చేస్తే 11 భాగాలకి ఆపేశారు. దివాలా తీసిన డి లారెంటిస్ కంపెనీ వదిలేసిన 'ఎర్త్ గర్ల్స్ ఆర్ ఈజీ'ని తెచ్చుకుని 1989లో విడుదల చేస్తే, జీనా డేవిస్, జెఫ్ గోల్డ్‌బ్లమ్, అప్పటికి ఎవరికీ తెలియని జిమ్ క్యారీ అందరూ ఉండి కూడా జనం రాలేదు.

అన్నీ పనికిమాలిన సినిమాలు తీశారనుకుంటే అన్యాయం. జాన్ హ్యూస్టన్ ఆఖరి సినిమా 'ద డెడ్' వెస్ట్రాన్ చలవే. జేమ్స్ జాయిస్ కథ అది. 80 ఏళ్ల ముసలాయన చక్రాల కుర్చీలో కూర్చుని, ముక్కుకి ఆక్సిజన్ గొట్టం పెట్టుకుని, కొడుకు రాసిన స్క్రిప్టుతో, కూతురు నటిస్తుంటే తీశాడు. 'డర్టీ డ్యాన్సింగ్' విడుదలైన వారానికే, 1987 ఆగస్టు 28న కన్నుమూశాడు. సినిమా ఆ డిసెంబరులో వచ్చింది. మంచు కురుస్తున్న రాత్రి డబ్లిన్‌లో ఒక విందు, అంతే కథ. వెస్ట్రాన్ ఇంకేమీ చేయకపోయినా ఈ ఒక్క సినిమాకి దాని పేరు నిలవాలి, నా మటుకు నాకు. కెన్ రసెల్ తీసిన 'గాథిక్' క్యాసెట్‌గా బాగా పోయిందని ఆయనకి మరో మూడు సినిమాలిచ్చారు. అందులో ఒకదాంట్లో హ్యూ గ్రాంట్ పెద్ద తెల్ల పాముతో తలపడతాడు. 

ఈలోగా కింద నేల కదిలిపోతోంది. వీడియో షాపులు ఊరూరా నిండిపోయాయి, కొత్తవి రావడం తగ్గింది. 1985లో డల్లస్‌లో మొదలైన బ్లాక్‌బస్టర్ దేశమంతా శాఖలు పెడుతోంది. అలాంటి షాపుకి ఒకే పెద్ద సినిమా ఇరవై ముప్ఫై కాపీలు కావాలి, పేరు తెలియని సినిమా ఒక్క కాపీ కూడా బరువే. శనివారం సాయంత్రం కావాల్సిన సినిమా దొరకడం మొదలయ్యాక పక్కపెట్టె ఎవరు పట్టుకెళ్తారు? వెస్ట్రాన్‌ని ఇన్నాళ్లూ పోషించిన సరుకు అదే.

డబ్బు లేకుండా సినిమాలు నడవవు. సెక్యూరిటీ పసిఫిక్ బ్యాంకు నుంచి 10 కోట్ల డాలర్ల అప్పు వస్తుందని వెస్ట్రాన్ లెక్కలేసుకుంది. బ్యాంకు మొండిచేయి చూపింది. మాటిచ్చి తప్పారని వెస్ట్రాన్ కోర్టుకెళ్లింది గానీ, కోర్టు తీర్పులతో నెలాఖరుకి జీతాలివ్వలేరు. 1989లో సినిమా విభాగం మూసేశారు. స్టామ్‌ఫర్డ్‌లో ఉద్యోగాలు పోయాయి. సగంలో ఉన్నవి, పూర్తయి డబ్బాల్లో ఉన్నవి అన్నీ దిక్కులేనివయ్యాయి. క్యాథరిన్ బిగెలో తీసిన 'బ్లూ స్టీల్' ఎంజీఎం చేతికి పోయింది. ఆమే తర్వాత ఉత్తమ దర్శకురాలిగా ఆస్కార్ తీసుకున్న మొదటి మహిళ. 'సన్‌డౌన్' అనే రక్తపిశాచాల వెస్టర్న్ పాపం థియేటర్ ముఖమే సరిగ్గా చూడకుండా 1991లో క్యాసెట్‌గా వచ్చింది.

చివరికి వెస్ట్రాన్‌ని కొన్న లైవ్ కంపెనీ చరిత్ర కూడా రక్తం అంటినదే. 1989 ఆగస్టులో దాని అధినేత హోసే మెనెండెజ్‌ని, ఆయన భార్యని, బెవర్లీ హిల్స్ ఇంట్లో సొంత కొడుకులే కాల్చి చంపారు. ఆ కేసు అమెరికాని ఇంకా వదల్లేదు. వెస్ట్రాన్‌ని మింగిన లైవ్ 1998లో ఆర్టిజన్‌గా మారింది, ఆర్టిజన్‌ని 2003లో లయన్స్‌గేట్ కొంది. 2016లో లయన్స్‌గేట్ పాత హారర్ సినిమాలని బ్లూరే డిస్కులుగా వేస్తూ వాటికి వెస్ట్రాన్ వీడియో అనే పేరు మళ్లీ తగిలించింది. ఒకప్పుడు పక్కపెట్టెగా అద్దెకి పోయిన సినిమాలకి ఇప్పుడు కలెక్టర్లు డబ్బు పోస్తున్నారు.

వీడియో క్యాసెట్ల వ్యాపారం రెండు రకాల వాళ్లని తయారుచేసింది. సినిమా సొంతదారులు, వాళ్లు బాగుపడ్డారు. అమ్మిపెట్టినవాళ్లు, వాళ్లలో బాగుపడ్డవాళ్లు ముందే అమ్ముకుని తప్పుకున్నవాళ్లే, బ్లే లాగా. ఫర్స్ట్ తప్పుకోలేదు, సినిమా తీశాడు. ఆయన్ని నేను తప్పు పట్టలేను. మొదటి హిట్టుకి ఆగమని ఏ సినిమా మనిషికి చెప్పి ఒప్పించగలం?

అమెరికా పార్లమెంటు గ్రంథాలయం దాచదగ్గ సినిమాలని ఏటా ఎంచి జాబితాలో చేరుస్తుంది. 2009లో అందులో 'థ్రిల్లర్' చేరింది, ఆ గౌరవం దక్కిన మొదటి మ్యూజిక్ వీడియో అదే. 2024లో 'డర్టీ డ్యాన్సింగ్' చేరింది. ఆ రెండింటికీ అవసరమైనప్పుడు డబ్బిచ్చిన కంపెనీ మొత్తం బతికింది పదేళ్లు.